ఇంటి సర్దుబాటు - స్వభావభేదములు



“ఇంటిని చూచి యిల్లాలిని చూడు” మని మన పెద్దలు చెప్పుచుందురు. ఈ సామెత సగము మాత్రమే సత్యమని నా యభిప్రాయము. ఇంటిని ఇల్లాలొక్కతెయే సర్దదు. ఆ యింట నుండు వారందఱును ప్రతిదినము దానిని సర్దుచునో, చెదరగొట్టుచునో యుందురు. వారి స్వభావము లెఱుంగక పొరుగింటిని చూచి మన యింటిని దిద్దబూనినచో, ఆ దిద్దుబాటు మూన్నాళ్ల ముచ్చట యగును. కావున ఎవరి స్వభావమున కేతీరు సర్దుబాటు తగునో నేడు కొంత విచారింతము.

చోడవరమునకు చేరువనున్న వడ్డాదిలో నే నెఱిగిన కుటుంబ మొకటి కలదు. వారు చెఱకు పండించి, బెల్లము వండించి అనకాపల్లికి తోలువారు. ఆ యింటి పెద్దాయన కండువా దండెముమీద, కొడవలి చూరులో, మందుబిళ్లలు గోడగూటిలో నుంచుకొనుట వాడుక. ఒక సంక్రాంతికి ఇల్లు సున్నము వేయించినప్పుడు, గోడలు శుభ్రముగా నుండవలెనని కోడలు వస్తువులన్నిటిని ఇనుపబీరువాలో జాగ్రత్తగా సర్దినది. ఇల్లు అద్దమువలె నుండెను. కాని నాలుగుదినములు గడచిన పిమ్మట పెద్దాయన కన్నులు తిరిగి పెరటిలో పడిపోయెను. విచారింపగా, రక్తపుపోటు బిళ్లలు ఆ నాలుగుదినములును ఆయన వేసికొననే లేదు.

“మామయ్యా! మందులు బీరువాలో భద్రముగానే యున్నవి గదా, నన్నైన నడుగకపోతిరా?” యని కోడలు కంటనీరు పెట్టుకొన్నది.

“అమ్మా! నీ తప్పేమియు లేదు. కంటికి కానరానిది నా మనసుకు తోచదు. మందున్నదను మాటయే మఱచితిని” అని యాయన బదులు చెప్పెను.

ఈ మాటలో మన విషయమంతయు నిమిడియున్నది. మనుష్యుల స్వభావము తెలిసికొనుటకు రెండు ప్రశ్నలు చాలును. వస్తువు కంటబడిననేగాని జ్ఞప్తికి రాదా, లేక కంటబడినచో మనసునకు చికాకా? ఇది మొదటిది. వస్తువులను సన్నముగా విభజించి పెట్టుట యిష్టమా, లేక ఒకతీరు వస్తువులన్నియు నొకచో వేయుట సుకరమా? ఇది రెండవది. ఈ రెంటిని కలిపినచో నాలుగు స్వభావము లేర్పడును.

ఈ నాలుగింటికిని తగిన సాధనములు మన పాత యిండ్లలోనే కలవు. కంటబడవలెను, విభజన కూడదు అనువారికి దండెము, చిలుకకొయ్య, మూతలేని వెదురుబుట్ట. కంటబడవలెను, విభజనయు నుండవలెను అనువారికి వరుస గోడగూళ్లు, ఉట్టిమీది కుండలవరుస. కనబడకూడదు, విభజన యక్కఱలేదు అనువారికి భోషాణము. కనబడకూడదు, విభజన కావలెను అనువారికి పోపులపెట్టె. మూత వేసినచో పెట్టె. తీసినచో ఆవాలు, జీలకఱ్ఱ, మెంతులు దేని గది దానిది. ఒక్క యింటిలోనే ఇవి యన్నియు నుండుట మన పూర్వుల యొద్దిక. ఇప్పుడు మనము అన్నిటిని ఒక్క బీరువాలో నిమిడ్చి, ఇమడని మనిషిని “మతిమఱుపువాడు”, “బద్ధకస్థుడు” అని నిందించుచున్నాము.

పరదేశములలోను ఈ చిక్కు కలిగినది. 1926లో మార్గరెట్ షుట్టే-లిహోట్‌జ్కీ యను వనిత జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు నగరమున నూతనగృహములకు వంటగది నొకదానిని కల్పించెను. వెడల్పు రెండు మీటర్లకు లోపు, పొడవు మూడున్నర మీటర్లకు లోపు. అందు పప్పులకు, బియ్యమునకు, చక్కెరకు పేళ్లు చెక్కిన అల్యూమినియము సొరుగులు. దాదాపు 10,000 ఇండ్లలో దీనిని అమర్చిరి. స్త్రీల కాలి నడకను తగ్గించిన యుపాయమే యిది. అయినను ఇరువురు కలసి పనిచేయుటకు ఆ గదిలో చోటు చాలదు; పేరు చెక్కిన సొరుగులో వేఱొక వస్తువును పెట్టినచో పేరు పేరే, వస్తువు వస్తువే యగును. ఎంత చక్కని యేర్పాటైనను అందఱికి నొక్కటే సరిపోదు.

మఱి నలుగురు స్వభావములవారు ఒక్క యింట నున్నప్పుడు చేయవలసిన దేమి? ఎవరి సొంతవస్తువు వారి తీరున నుండనిండు. నలుగురు వాడు వస్తువునకు మాత్రము, వారిలో నెవరికి మఱపెక్కువయో వారికి సుకరమైన చోటు నిర్ణయింపుడు. చోటు నిర్ణయించుటకు ముందు ఏడుదినములు ఊరక కనిపెట్టి చూడుడు. తాళపుచెవి ఎక్కడ పడవేయుచున్నారో, కళ్లజోడు ఎక్కడ పెట్టుచున్నారో గమనించి, అక్కడనే మేకో గూడో యేర్పఱుపుడు. మనిషిని వస్తువుచోటికి నడపుటకంటె, వస్తువును మనిషి చేతికి చేర్చుట సులభము. వడ్డాదివారు చేసినదియు నిదియే. వాకిటి గదిలో పిల్లల చేతి కందని యెత్తున నొక గూడు పెద్దాయనకు విడిచిరి. కోడలి బీరువా కోడలిదే.

స్వభావమునకు లోబడని వస్తువులు రెండు కలవు. పురుగుమందులు మొదటివి, అవి యెవరి కెట్లున్నను తాళములోనే యుండవలెను. భూమి దస్తావేజులు రెండవవి.

ఈ సందర్భమున మన సీమకే చెందిన యొక నిదర్శనము చెప్పెదను. వడ్డాదిని మత్స్యవంశపు రాజు లేలిరి. ఆ వంశమువాడగు అర్జునుడు శకవర్షము 1191లో, అనగా క్రీస్తుశకము 1269లో వ్రాయించిన దానశాసనము దిబ్బిడి తామ్రపత్రములలో నున్నది. గిడుగు రామమూర్తి పంతులుగారు దానిని ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించిరి. రాగిరేకుపై వ్రాసినది గనుక, పోగొట్టక దాచినవారుండిరి గనుక ఆఱువందల యేండ్లకు పైబడియు అది చదువరులకు దక్కెను. మన దస్తావేజులు రాగిరేకులు కావు, కాగితములు. అవి యెక్కడ నున్నవో యింటిపెద్ద యొక్కనికే తెలిసినచో, ఆయనతోడనే ఆ యెఱుక పోవును. రిజిస్టరయిన దస్తావేజు పోయినచో 1908వ సంవత్సరపు రిజిస్ట్రేషను చట్టము ననుసరించి నకలు పొందవచ్చును. కాని రిజిస్టరు కాని పాత రశీదునకు, చేతివ్రాత పంపకపు చీటికి నకలుండదు.

పెద్దలారా! మీకు తోచినట్లే దాచుకొనుడు. కాని యెక్కడ దాచితిరో ఇంటిలో మఱి యిద్దఱికి చూపుడు. భోగినాడు పాతసామాను మంటలో వేయుటకు ముందు ఆ కట్టలోని కాగితములను ఒక్కసారి విప్పి చదివింపుడు. ఇల్లు చక్కగా నుండుట చూచువారి మెప్పుకొఱకు గాదు. వేళకు మందును, తరువాతి తరమునకు హక్కును చేతి కందుటకొఱకు.