పట్టా వచ్చాక ఊరు దూరం కాకూడదు

 ఈ రోజు వేదాంత పట్టాలు అందుకుంటున్న మీలో కొందరు సెలవు దొరక్క కువైట్‌లోనో దుబాయ్‌లోనో గదిలో కూర్చుని ఫోన్‌లో ఈ సభ చూస్తున్నారు. మీరు అక్కడినుంచే చదివారు, అక్కడినుంచే పట్టా పుచ్చుకుంటున్నారు. ఇందులో చిన్నతనమేమీ లేదు.

ఆన్‌లైన్ చదువు అంటే సుఖమైన చదువని బయట ఒక అభిప్రాయం ఉంది. రాత్రి పదింటికి రోజువారీ డేటా అయిపోయి క్లాసు మధ్యలో తెగిపోయినవాళ్లని అడగాలి ఆ సుఖం సంగతి. గుంటూరు మిర్చి యార్డులో బస్తాల లెక్క రాసుకుంటూ ఒక చెవిలో సంఘ చరిత్ర పాఠం విన్న అబ్బాయిని అడగాలి. పిల్లల్ని పడుకోబెట్టాక గ్రీకు అక్షరాలు దిద్దుకున్న తల్లుల్ని అడగాలి. మీ చదువులో నాకు విలువైనదిగా కనిపించింది వేరే ఉంది. చదువు కోసం మీరు ఊరు వదలలేదు, సంఘాన్ని వదలలేదు, పని వదలలేదు.

వేదాంత విద్య అనగానే మనకు రాజమండ్రి లూథర్‌గిరి, హైదరాబాద్‌లోని ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల, చెన్నైలో గురుకుల్ గుర్తొస్తాయి. వాటి రుణం మనం తీర్చలేం. గ్రంథాలయంలో గడిపే తీరిక, గురువు గది తలుపు తట్టి సందేహం అడిగే వీలు అక్కడే దొరుకుతాయి. కానీ పల్లె నుంచి వెళ్లిన కుర్రవాడు కొన్నేళ్లు హాస్టల్లో ఉండి వచ్చాక, తనని పంపిన సంఘమే అతనికి ఇరుకుగా కనిపించడం కూడా మనం చూశాం. ఇది మన దగ్గరే పుట్టిన జబ్బు కాదు. గ్వాటెమాలాలో ప్రెస్బిటేరియన్ సెమినరీవాళ్లకు ఇదే ఎదురైంది. నగరంలో చదువుకున్నవాళ్లు పల్లె సంఘాలకు తిరిగి పోవడం లేదని గమనించి, 1963లో అధ్యాపకులే వారం వారం విద్యార్థుల ఊళ్లకు బయలుదేరారు. ఆ ఆలోచన లోకమంతా పాకి, 1971 నాటికి బెంగళూరులో టాఫ్టీ అనే వేదాంత విద్యా సంస్థగా మన దేశంలో అడుగుపెట్టింది. అప్పుడు పాఠం పుస్తకంగా వచ్చేది, ఇప్పుడు ఫోన్‌లో వస్తోంది.

ఇంకా వెనక్కి పోతే, చదువును ఊళ్లకు పంపే ఈ పని మొదలుపెట్టింది లూథరే అంటాను. 1528లో సాక్సనీ గ్రామ సంఘాలను తనిఖీ చేసి వచ్చాక ఆయనకు నిద్ర పట్టి ఉండదు. పది ఆజ్ఞలు, పరలోక ప్రార్థన కూడా సరిగా చెప్పలేని పాదిరీలు కనిపించారు. అందరూ విట్టెన్‌బర్గ్‌కు వచ్చి చదవండని ఆయన కబురు పెట్టలేదు. 1529 మొదట్లో తాను రాసిన చిన్న ప్రశ్నోత్తరి భాగాలను గోడకు తగిలించుకునే పెద్ద కాగితాల మీద అచ్చు వేయించాడు. ఇంటి యజమాని తన ఇంటివాళ్లకు దీన్ని ఎలా నేర్పాలో ఆ భాగాల శీర్షికల్లోనే రాశాడు. చదువు వంటింటి గోడ దాకా నడిచి వెళ్లింది. 1537 నుంచి విట్టెన్‌బర్గ్‌లో అభిషేకం పొందినవాళ్ల పేర్లు రాసిన పుస్తకం ఉంది. అందులో యూనివర్సిటీ విద్యార్థుల పక్కనే బడిపంతుళ్లు, అచ్చుపనివాళ్లు, బట్టలు నేసేవాళ్లు కనిపిస్తారు. మిర్చి యార్డు అబ్బాయి ఆ వరుసలో నిలబడితే ఎవరూ వింతగా చూడరు. ఆ చిన్న ప్రశ్నోత్తరే మిషనరీ బెంజమిన్ షుల్జ్ చేతుల మీదుగా తెలుగులోకి వచ్చి 1746లో జర్మనీలోని హాలేలో అచ్చయింది. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాల్లో అదొకటి.

ప్రశ్నోత్తరి మాట వచ్చింది కాబట్టి మీ క్లాసులో జరిగిన ఒక సంగతి చెప్పాలి. పరలోక ప్రార్థనలో అనుదినాహారం గురించిన నాలుగో మనవికి లూథర్ ఇచ్చిన వివరణ మీకు తెలుసు. తిండి, బట్ట, ఇల్లు, పొలం, పశువులు, మంచి ప్రభుత్వం, మంచి వాతావరణం, మంచి ఇరుగుపొరుగు అన్నీ అందులో చేర్చాడు. మీ ఊళ్లో ఆ జాబితా ఎలా ఉంటుందో రాయమన్నాం. తెనాలి వైపు నుంచి ఒక కౌలు రైతు, తన సంఘంలో పెద్ద, ఇలా రాశారు: కౌలు కార్డు, కాలవ చివరి పొలానికి నీళ్లు, తుఫాను లేని నవంబరు, అప్పు అడిగితే ముఖం చాటెయ్యని ఎరువుల కొట్టాయన. ఆ కింద కువైట్ నుంచి ఒక సోదరి ఒకే లైను పెట్టింది: పాస్‌పోర్టు నా దగ్గరే ఉంచుకోనిచ్చే యజమాని. ఆ రాత్రి ఎవరూ లాగౌట్ అవ్వలేదు. హాస్టల్ గదిలో కూర్చున్న విద్యార్థి ఇలాంటి జవాబు రాయలేడు. వాడికి తెలివి తక్కువై కాదు, వాడి అన్నం మెస్‌లో వస్తుంది కనుక.

అలాగని ఫోన్ అన్నీ ఇవ్వదు. 2020 లాక్‌డౌన్‌లో ఫోన్ ముందు రొట్టె, రసం పెట్టుకుని సంస్కారం పుచ్చుకోవచ్చా అని లూథరన్ లోకమంతా వాదించుకుంది. నా మట్టుకు నేను కూడదనే అంటాను. ఒక చేయి ఇస్తే ఒక చేయి పుచ్చుకోవాలి. ప్రసంగం కూడా అంతే. మ్యూట్‌లో ఉన్న ఇరవై పేర్లకు వాక్యం చెప్పడం వేరు, ముందు వరుసలో చంటిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే చెప్పడం వేరు. అందుకే మీలో ప్రతి ఒక్కరినీ ఒక సీనియర్ పాస్టర్ గారి వెంట తిప్పాం. చావు ఇంటికి వెళ్లి ఎంతసేపు మాట్లాడకుండా కూర్చోవాలో వారి దగ్గరే నేర్చుకున్నారు. ఆ పాస్టర్లకు ఈ వేదిక మీద కుర్చీలు వేయకపోవడం మా లోపమే. దయచేసి ఒకసారి లేచి నిలబడండి అయ్యా.

ఇప్పుడు కాస్త కటువైన మాట. 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం 14వ అధికరణం మీ చేత చదివించాం. సంఘం క్రమంగా పిలవనిదే ఎవరూ బహిరంగంగా బోధించకూడదు, సంస్కారాలు ఇవ్వకూడదు. పట్టా ఆ పిలుపు కాదు. రేపు ఉదయానికి మీ ఊరి సెంటర్లో మీ ఫొటోతో, పేరు ముందు రెండు మూడు బిరుదులతో ఫ్లెక్సీ లేస్తే నాకు కబురు వస్తుంది, గుర్తుంచుకోండి. అభిషేకం కోసం చూస్తున్నవాళ్లు సంఘం పిలిచేదాకా ఆగండి. అభిషేకం వద్దనుకునే సంఘ పెద్దలు, యువజన నాయకులు, స్త్రీల సమాజం వాళ్లు తమని సగం పాస్టర్లుగా లెక్కవేసుకోవద్దు. మీది పూర్తి పనే. ఆదివారం కానుకల లెక్క నలుగురి ముందు చదివి వినిపించడం, సంఘం స్థలం తగాదా కోర్టు మెట్లు ఎక్కకముందే ఇరువైపులా కూర్చోబెట్టడం, ఇంట్లో పిల్లలకు ప్రశ్నోత్తరి నేర్పడం. వీటికీ వేదాంతం కావాలి, బహుశా ఎక్కువే కావాలి.

మీలో యాభై దాటినవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ వయసులో చదువేమిటని ఇంట్లో నవ్వినవాళ్లూ ఉంటారు. వాళ్లకు లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గారి సంగతి చెప్పండి. 1842 జూలై 31న గుంటూరు చేరేనాటికి ఆయనకు నలభై తొమ్మిదేళ్లు. మధ్యలో అమెరికా వెళ్లి, బాల్టిమోర్‌లో వైద్యం చదివి, 1847లో పట్టా పుచ్చుకుని, మరుసటి ఏడే తిరిగి వచ్చారు. ఎవరి కోసం చదివారో వాళ్ల దగ్గరికే వచ్చారు. డెబ్బై దాటాక, 1869లో, రాజమండ్రి మిషన్ లూథరన్ల చేయి జారిపోతుందేమోనని అమెరికా నుంచి మళ్లీ ఓడెక్కారు.

చివరగా ఒక పని అప్పగిస్తాను. వచ్చే బ్యాచ్‌లో మీ సంఘం నుంచి ఒక్కరైనా చేరాలి. పాస్టర్ గారి అబ్బాయో, సంఘ పెద్ద మేనల్లుడో అయితే వాళ్లంతట వాళ్లే చేరతారు, వాళ్ల గురించి బెంగ లేదు. పదో తరగతితో చదువు ఆపేసి, ఆదివారం బడిలో పిల్లలకు కథలు చెబుతూ, నాకేం వస్తుందండీ అనే ఆడపిల్ల మీ సంఘంలో తప్పక ఉంటుంది. ఫారం ఆమె చేత నింపించండి. మొదటి నెలల్లో ఆమె ఫోన్‌లో డేటా అయిపోతే రీచార్జ్ మీ ఖర్చు.