కళాశాల క్రీడాశిక్షకుని కొలువు

ఉద్యోగమన్న మాట వినగానే మనము మొదట అడుగునది జీతము. పిదప అడుగునది ఊరు. కళాశాలలో బాస్కెట్‌బాల్ నేర్పు శిక్షకుని కొలువునకు ఈ రెండు ప్రశ్నలే చాలునా? గోదావరి చెంత, అడవి యంచున నున్న పినపాక వంటి చోటికి సమర్థుడైన శిక్షకుడు వచ్చి నిలువవలెనన్నచో ఆ కొలువులో ఏ ఆకర్షణ యుండవలెను? ఈ విషయమును కొంచెము విచారింతము.

ఈ యాట ఒక ఉపాధ్యాయుని చేతిలో పుట్టినది. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున జేమ్స్ నైస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు, చలికాలమున విద్యార్థులను కప్పు క్రిందనే ఆడించుటకై, రెండు పండ్ల బుట్టలను ఎత్తున కట్టించి దీనిని కల్పించెను. నేడు ఆ దేశమున పెక్కు రాష్ట్రములలో ప్రభుత్వ వేతనము పొందువారందరిలో మిక్కిలి పెద్ద జీతము విశ్వవిద్యాలయపు క్రీడాశిక్షకునిదే. ధనము ఆకర్షణయే, కాదనరాదు. కాని వరుసగా కొన్నియేండ్లు ఓడినచో ఆ కొలువు ఊడుటయు అక్కడ వింత కాదు.

అక్కడనే వేరొక దారియు కలదు. జాన్ వుడెన్ 1948లో లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున శిక్షకుడుగా చేరెను. ఆయన జట్టుకు వేరుగా క్రీడాభవనము లేదు. కుస్తీ పట్టువారితో పంచుకొన్న పాత వ్యాయామశాలయే అభ్యాసస్థలము. జాతీయ విజేత స్థానము మొదటిసారి దక్కినది 1964లో, ఆయన పదునారవ క్రీడాసంవత్సరమున. 1975లో విరమించునాటికి అట్టి విజయములు పది. ఆ పదింటికి వెనుక నున్నది, విజయము లేని యేండ్లలో ఆయనను మార్చక ఓపిక పట్టిన విద్యాసంస్థ.

మన హైదరాబాదునే చూడుడు. బడిపంతులుగా జీవితము నారంభించిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ 1950 నుండి 1963లో కన్నుమూయువరకు హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టును తీర్చిదిద్దెను. ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదుమార్లు రోవర్స్ కప్పును గెలిచినది. ఆయన శిక్షణలోనే భారతజట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణపతకములను, 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమును పొందినది. ఒకేచోట పదుమూడేండ్లు పనిచేయు వీలు దొరకుటయే ఆ గురువునకు దక్కిన పెద్ద జీతము.

కావున కొలువు ఆకర్షణీయము కావలెనన్న మొదట కావలసినది కాలము. డిగ్రీ చదువు మూడేండ్లు. శిక్షకుని నియామకము ఏడాదికే ఐనచో, తాను బంతి పట్టుట నేర్పిన విద్యార్థి ఆటగాడై నిలుచుట ఆయన చూడనే చూడడు. నారు పోసినవానికి కోత చూచు భాగ్యము లేకున్న, వాని మనసు ఆ పొలముపై నిలుచునా? రెండవది స్వాతంత్ర్యము: జట్టులోని ఐదుగురెవరో సిఫారసు ఉత్తరములు గాక శిక్షకుడే నిర్ణయింపవలెను. మూడవది విద్యార్థి కడుపు. సాయంకాలపు అభ్యాసమునకు ముందు గుప్పెడు వేరుసెనగలు, తరువాత కోడిగ్రుడ్డు, పాలు సమకూర్పని కళాశాల, అలసట నేర్పునే గాని ఆట నేర్పదు.

స్థలమా? ఇరువదియెనిమిది మీటర్ల పొడవు, పదునైదు మీటర్ల వెడల్పు గల చదునైన నేల, రెండు స్తంభములు, నేలకు మూడు మీటర్లకు కొంచెము పైన ఒక్కొక్క ఇనుపవలయము. అభ్యాసమునకు ఇంతమాత్రము చాలును. పినపాకలో ఇది దొరకనిది కాదు.

ఇక ఆడు పిల్లలా? పినపాకకు గోదావరి ఆవలి యొడ్డున నున్న చర్ల ప్రాంతపు విద్యార్థి ఆనంద్‌కుమార్, 2014 మే 25న మలావత్ పూర్ణతో కూడ ఎవరెస్టు శిఖరమెక్కెను. ఆ పిల్లలకు తొలిపాఠములు భువనగిరి గుట్టపై, తరువాతివి హిమాలయములలో జరిగినవి. బిడ్డ ఈ యడవి యంచునే పుట్టెను. గురువు మాత్రము దూరమున దొరకెను. ఆ దూరమును దాటలేక ఇంటనే మిగిలినవారు ఎందరో ఎవరు లెక్కింపగలరు?

మంచి శిక్షకుడు మారుమూలకు రాడని మనమందుము. రమ్మని పిలుచుటకు ముందు, నిలువనిత్తుమని మాట యిత్తుమా? పినపాక వంటి చోట్ల ఆ కొలువు సృష్టించువారు దాని జీతపు పట్టీని వ్రాయునప్పుడే దాని కాలపరిమితిని కూడ పదిమారులు ఆలోచించి వ్రాయుట మేలు.