అనుగ్రహమా, హక్కా?

(నెల్లితోపు సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మనము కూర్చున్న నెల్లితోపునకు కొలది దూరమున నున్న రెడ్డియార్‌పాళయములో 2024 జూన్ 11వ తేదీన మురుగు కాలువలోని విషవాయువు మరుగుదొడ్ల గుండా ఇండ్లలోనికి చొచ్చెను. ముగ్గురు ప్రాణములు కోల్పోయిరి; అందొకతె బడికి పోవు బాలిక. ప్రభుత్వము ఆ కుటుంబములకు ధనసహాయము ప్రకటించెను. మన కార్యాలయములలో ఇట్టిదానిని 'ఎక్స్‌గ్రేషియా' అందుము. ఆ లాటిన్ మాటకు 'అనుగ్రహముచేత' అని అర్థము. ఫైళ్ళపై వ్రాసి వ్రాసి ఆ అర్థమును మనమే మరచితిమి. అనుగ్రహించినంతమాత్రమున ఇచ్చినవారు తప్పు ఒప్పుకొన్నట్లు కాదు. పుచ్చుకొన్నంతమాత్రమున కుటుంబము హక్కు వదలుకొన్నట్లును కాదు. ఈ రెండవ సంగతి తెలియకయే పలువురు చెక్కు అందిననాడు వ్యవహారము ముగిసినదనుకొందురు. ఏ కాగితముపై సంతకము పెట్టుచున్నారో మాత్రము చదువుకొనవలెను.

అజాగ్రత్తవలన ఇతరులకు నష్టము కలిగించినవాడు దానిని పూరింపవలెనను న్యాయము ఈ ఊరికి క్రొత్తది కాదు. ఫ్రెంచి పాలనలో ఇచ్చట అమలు జరిగిన సివిల్ కోడ్ 1382, 1383 అధికరణములు చెప్పినది ఇదియే. ఆంగ్లేయుల న్యాయములో మనిషితోబాటు అతని దావాయు చచ్చెడిది. ఆ లోపమును తీర్చుటకు ఇండియాలో 1855వ సంవత్సరమున ప్రాణాంతక ప్రమాదముల చట్టము వచ్చెను. మృతుని భార్య లేక భర్త, తల్లిదండ్రులు, బిడ్డలు దానిక్రింద నష్టపరిహారమునకు అర్హులు. అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు ఆ పట్టికలో లేరు. అన్న జీతముపై చదువుకొను తమ్ములు మన ఇండ్లలో ఎందరు! చట్టము వారిని చూడలేదు.

తప్పు ప్రభుత్వముదే యైనచో? ఇచ్చట మన తెలుగునాటి వ్యాజ్యమొకటి చెప్పవలసియున్నది. 1977 మే నెల 5వ తేదీ రాత్రి తెల్లవారుజామున కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలులో కొందరు జొరబడి ఒక గదిలోనికి బాంబులు విసరిరి. అందు రిమాండులో నున్న తండ్రి మరణించెను. కుమారుడు గాయములతో బయటపడెను. ప్రాణభయమున్నదని ముందే తెలిపినను తగిన కాపలా పెట్టలేదు. కుమారులును, వారి తల్లియు ప్రభుత్వముపై పది లక్షలకు దావా వేసిరి. గడువు మీరినదని క్రింది కోర్టు కొట్టివేసెను. చెరసాల నిర్వహణ రాజ్యాధికార కృత్యము గనుక బాధ్యత లేదని ప్రభుత్వము వాదించెను. 1964 నాటి కస్తూరీలాల్ తీర్పు దానికి ఆధారము. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ వాదమును త్రోసి, ఏడాది గడువు కాదు, మూడేండ్ల గడువు వర్తించునని చెప్పి, 1,44,000 రూపాయలు ఆరు శాతము వడ్డీతో ఇప్పించెను. 2000 సంవత్సరమున సుప్రీంకోర్టు, జీవించు హక్కుముందు ఆ పాత రాజరికపు కవచము నిలువదని స్థిరపరచెను. చల్లా రామకృష్ణారెడ్డి కేసని న్యాయవాదులు నేటికిని ఉదహరింతురు. గెలుపే, కాని ఇరువది మూడేండ్లు పట్టెను.

పోలీసు కేసు వేరు. నిర్లక్ష్యముచే మరణము కలిగించుట 2024 జూలై నుండి భారతీయ న్యాయ సంహితలో 106వ సెక్షను. శిక్ష పడినను అది ఇంటికి కూడు పెట్టదు. అందు నిందితుడు విడుదలయైనంతమాత్రమున సివిలు దావా పోదు. రుజువు కొలతలు వేరు. డబ్బు పుచ్చుకొను ఆసుపత్రుల వైద్యము వినియోగదారుల చట్టమునకు లోబడునని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చినది.

కుటుంబములు ఓడునది తరచు గడువుల యొద్దనే. 1855 చట్టము క్రింద మరణించిన నాటినుండి రెండేండ్లు. వినియోగదారుల కమిషనుకును రెండేండ్లే. మోటారు ప్రమాదములకు 2022 ఏప్రిల్ నుండి ఆరు నెలల నిబంధన వచ్చెను. దానిపై వివాదము సుప్రీంకోర్టుకు పోయినను, త్వరపడుటయే మేలు. దినవారములు ముగియకముందే గడియారము నడచుచుండును. కావున ఇంటివారు దుఃఖములో నున్నప్పుడు బంధువులలో ఒకరైనను ఎఫ్.ఐ.ఆర్. నకలు, శవపంచనామా, పోస్టుమార్టం నివేదిక, మృతుని జీతపు కాగితములు భద్రపరుపవలెను. కూలివాడైనచో మేస్త్రీ చీటీయే సాక్ష్యము.

స్త్రీలకు, పిల్లలకు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము 1987 నాటి చట్టము కల్పించినది. మనలో ఎవరికైనను, పనిమనిషి ఇంటివారికైనను, దరఖాస్తు వ్రాయుటలో తోడు కావలసినచో సభానంతరము నన్ను కలిసికొనవచ్చును.