రెండుసార్లు వచ్చిన మాట



ఇప్పుడు మన పిల్లలు ఫోన్లలో కలిసి గోండి నిఘంటువు తయారు చేస్తున్నారు. ఒక్కో మాటకు ఎదురుగా తెలుగు, మరాఠీ, హిందీ అర్థాలు రాస్తున్నారు. 2011 జనగణనలో గోండి మా మాతృభాష అని చెప్పినవాళ్లు దాదాపు 29.8 లక్షల మంది. వాళ్లంతా ఒక్క రాష్ట్రంలో లేరు. ఇంతమంది చేతులు పడ్డచోట ఒకే మాట రెండుసార్లు, మూడుసార్లు రావడం మామూలే. అది కనబడగానే చెయ్యి 'తొలగించు' మీదికి పోతుంది. ఆ చెయ్యిని కాస్త ఆపమని అడగడానికే మేము ఈరోజు నిలబడ్డాం.

నిజంగా ఒకటే అయిన మాటలు ఉంటాయి. ఒకరు 'రోన్ – ఇల్లు' అని, ఇంకొకరు 'రోన్ – ఘర్' అని రాస్తారు. మాట ఒకటే కాబట్టి అర్థాలు రెండూ ఒకేచోట పెట్టాలి. చంద్రుణ్ని ఒకరు 'నెలెంజ్' అని, ఒకరు 'నెలెన్జ్' అని రాస్తే యంత్రానికి అవి రెండు మాటలు. ఒక్కోసారి రెండూ అచ్చం ఒకేలా కనబడతాయి, అయినా యంత్రం వేరే అంటుంది. చివర కంటికి కనబడని ఖాళీ మిగిలిపోయి ఉంటుంది. ఇలాంటివి కలపడానికి భయపడక్కర్లేదు.

ఇంగ్లీషు అక్షరాల్లో రాసినప్పుడు ఇబ్బంది ఇంకో రకంగా వస్తుంది. 'పాల్' అంటే పాలు, 'పల్' అంటే పన్ను. ఇంగ్లీషులో రెండింటికీ అవే మూడక్షరాలు పడతాయి. ఒకటే అనుకుని కలిపేస్తే పాలడిగినవాడికి పన్ను చూపించినట్టే! తెలుగు అర్థంలో ఊరికే 'పళ్లు' అన్నా చాలదు, చెట్టుకు కాసేవీ పళ్లే కదా.

అసలు జాగ్రత్త ఉప్పు దగ్గర కావాలి. ఒకచోట సోవర్, ఒకచోట హోవర్, ఇంకొకచోట ఓవర్. మన భాషలో మొదటి 'స' కొన్ని ప్రాంతాల్లో 'హ' అయింది, మరికొన్నిచోట్ల ఆ 'హ' కూడా రాలిపోయింది. ఇది తప్పు పలకడం కాదు, భాష నడిచిన దారి. 1960లో బరో, భట్టాచార్య గోండి మాండలికాల పదకోశం వేసినప్పుడు ఇలాంటి రూపాలన్నీ ఒకే సంఖ్య కింద పెట్టి, ఏది ఏ ప్రాంతానిదో గుర్తు వేశారు. అరవై ఏళ్ల కిందట కాగితం మీద అయిన పని ఫోన్‌లో కాదా?

హాస్టళ్లలో మేము చూస్తూనే ఉంటాం. కొత్తగా చేరిన పాప ఇంట్లో మాట అంటుంది, పెద్ద పిల్లలు నవ్వుతారు. వారం తిరిగేసరికి ఆ మాట మానేస్తుంది. రేపు నిఘంటువులో కూడా ఆ మాట కనబడకపోతే, మా అమ్మే తప్పు మాట్లాడుతుందేమో అనుకుంటుంది.

అందుకని కలిపేముందు రాసినవాళ్లను అడగండి: ఇది ఏ ఊళ్లో, ఎవరి నోట విన్నావు అని. ఊరి పేరు, ఉదాహరణ వాక్యం, అవ్వ గొంతు రికార్డింగు ఉంటే అదీ, ముందు మిగిలే పేజీలోకి మార్చండి. రాసినవాళ్ల పేరు పోనివ్వకండి. హోవర్ అని వెతికినా, ఓవర్ అని వెతికినా ఉప్పు దొరకాలి. తేలనివి అలాగే ఉంచి గుర్తు పెట్టండి. దసరా సెలవులకు ఇళ్లకు పోతారు కదా, ఆ జాబితా వెంట తీసుకెళ్లి అవ్వతాతల దగ్గర కూర్చోండి.