ఒక్కరోజులో టీమ్ మొత్తం పోయింది... 14 ఏళ్ల తర్వాత కప్పు కొట్టింది: లోకోమోటివ్ యారోస్లావల్ కథ

ఈరోజు ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. టీమ్ అంటే ఏంటి? ప్లేయర్లా? కోచా? జెర్సీనా? ప్లేయర్లు, కోచ్ అందరూ ఒకే రోజు లేకుండా పోతే ఆ టీమ్ ఇంకా ఉన్నట్టా, లేనట్టా?

ఇది ఊరికే అడగట్లేదు. రష్యాలో ఒక ఐస్ హాకీ క్లబ్‌కి నిజంగానే ఇలా జరిగింది.

ఐస్ హాకీ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తా. మంచు గడ్డకట్టిన గ్రౌండ్, కాళ్లకి స్కేట్లు, బంతి బదులు పక్ అనే గట్టి రబ్బరు బిళ్ల. ఒక్కో వైపు గోలీతో కలిపి ఆరుగురు ఆడతారు. 20 నిమిషాల చొప్పున మూడు పీరియడ్లు. మనకి క్రికెట్ ఎలాగో రష్యాలో హాకీ అలా.

మాస్కో నుంచి సుమారు 250 కిలోమీటర్ల దూరంలో, వోల్గా నది ఒడ్డున యారోస్లావల్ అనే సిటీ ఉంది. వెయ్యేళ్ల చరిత్ర ఉన్న ఊరు. అక్కడ 1959లో ఈ క్లబ్ పుట్టింది. మొదట్లో ఇంజన్ ఫ్యాక్టరీ టీమ్, చాలాకాలం పేరు టార్పెడో. ఆ పేరుతోనే 1997లో రష్యా ఛాంపియన్ అయింది. తర్వాత రైల్వే వాళ్లు అండగా నిలబడ్డారు, 2000లో పేరు లోకోమోటివ్‌గా మారింది. అంటే రైలింజన్ అన్నమాట. 2002, 2003లో వరసగా రెండు టైటిళ్లు. 2008లో కేహెచ్ఎల్ అనే కొత్త లీగ్ మొదలైతే, మొదటి సీజన్‌లోనే ఫైనల్‌కి వెళ్లి, ఏడో మ్యాచ్‌ దాకా పోరాడి అక్ బార్స్ చేతిలో ఓడిపోయింది. మొత్తానికి గట్టి టీమ్.

ఇక 2011 సెప్టెంబర్ 7. కొత్త సీజన్‌లో మొదటి మ్యాచ్ కోసం టీమ్ బెలారస్ రాజధాని మిన్స్క్‌కి బయల్దేరింది. విమానం యాక్-42. లోపల మొత్తం 45 మంది. 2010 వాంకూవర్ ఒలింపిక్స్ హాకీలో అందరికంటే ఎక్కువ పాయింట్లు సాధించిన స్లొవాకియా ప్లేయర్ పావోల్ డెమిత్రా ఉన్నాడు. స్వీడన్ గోలీ స్టెఫాన్ లివ్ ఉన్నాడు. ఈ టీమ్‌కి కోచ్‌గా తన మొదటి లీగ్ మ్యాచ్‌కి వెళ్తున్న కెనడా ఆయన బ్రాడ్ మెక్‌క్రిమన్ ఉన్నాడు.

విమానం రన్‌వే దాటిపోయింది గానీ సరిగ్గా పైకి లేవలేదు. ఎయిర్‌పోర్ట్ యాంటెన్నాని గుద్దుకుని నది ఒడ్డున కూలిపోయింది. 43 మంది అక్కడికక్కడే పోయారు. ఇద్దరు మిగిలారు. ఒకరు విమాన ఇంజనీర్ అలెగ్జాండర్ సిజోవ్. ఇంకొకరు అదే ఊళ్లో పుట్టి, అదే క్లబ్‌లో ఆట నేర్చుకున్న 26 ఏళ్ల ప్లేయర్ అలెగ్జాండర్ గలిమోవ్. ఒళ్లంతా కాలిపోయింది. ఊరు ఊరంతా అతను బతకాలని కోరుకుంది. ఐదు రోజుల తర్వాత, సెప్టెంబర్ 12న మాస్కో ఆస్పత్రిలో అతనూ పోయాడు. 45 మందిలో బతికింది ఒక్క సిజోవ్ మాత్రమే.

ఎందుకు కూలింది? నాకైతే అసలు భయం ఇక్కడే. దర్యాప్తులో తేలింది ఏంటంటే, టేకాఫ్ కోసం స్పీడ్ అందుకోవాల్సిన టైమ్‌లో పైలట్లలో ఒకరి కాలు బ్రేక్ పెడల్ మీద ఉంది. వాళ్లకి అంతకుముందు అలవాటున్నది యాక్-40. అందులో కాళ్లు పెట్టే పద్ధతి వేరు. మరి యాక్-42 నడపడానికి పర్మిషన్ ఎలా వచ్చింది? ట్రైనింగ్ పూర్తి కాకుండానే, తప్పుడు కాగితాల మీద. 2015లో ఆ విమాన సంస్థ అధికారి ఒకరికి కోర్టు ఐదేళ్ల శిక్ష వేసింది, కానీ క్షమాభిక్ష కింద ఆయన జైలుకి వెళ్లలేదు.

ఒక మాట ఒప్పుకోవాలి. నేను సాఫ్ట్‌వేర్ జాబ్ చేసేటప్పుడు రిలీజ్‌కి ముందు ఒక చెక్‌లిస్ట్ ఉండేది. 'రోల్‌బ్యాక్ టెస్ట్ చేశారా?' అని ఒక లైన్. శుక్రవారం సాయంత్రం, ఇంటికెళ్లే తొందర. చేయకుండానే 'అవును' అని టిక్ పెట్టా. ఒకసారి కాదు, చాలాసార్లు. ఒక రాత్రి నిజంగానే అవసరం పడింది, అది పనిచేయలేదు. మూడు గంటలు సర్వర్ డౌన్, మేనేజర్‌తో తిట్లు, అంతే. ఎవరూ చావలేదు. కానీ ఈ కథ చదివాక ఆ టిక్కే గుర్తొచ్చింది. నేను చేసింది, ఆ కాగితాలు రాసినవాళ్లు చేసింది ఒకే రకం పని. నా అదృష్టం, నా సర్వర్‌లో మనుషులు కూర్చుని లేరు.

సరే, టీమ్ దగ్గరికి వద్దాం. మిగతా క్లబ్బులు తలా కొందరు ప్లేయర్లని ఇస్తామన్నాయి. తీసుకుంటే అదే సీజన్‌లో ఆడేయొచ్చు. లోకోమోటివ్ వద్దంది. ఆ ఏడాది పెద్ద లీగ్‌నే వదిలేసింది. డిసెంబర్‌లో కింది లీగ్ వీహెచ్ఎల్‌లో, ఎక్కువగా తమ సొంత జూనియర్ కుర్రాళ్లతో బరిలోకి దిగింది. మొదటి మ్యాచ్ గెలిచింది కూడా. 2012లో మళ్లీ కేహెచ్ఎల్‌కి వచ్చింది.

వచ్చీ రాగానే కప్పులేం రాలేదండీ. ఏళ్లకేళ్లు ప్లేఆఫ్స్‌లో ఆగిపోతూనే ఉన్నారు. 2024లో ఫైనల్‌కి వెళ్తే మాగ్నిటోగోర్స్క్ చేతిలో 4-0తో సిరీస్ పోయింది. మరుసటి ఏడాది మళ్లీ ఫైనల్. ఇగోర్ నికితిన్ కోచింగ్‌లో, ట్రాక్టర్ చెలియాబిన్స్క్ మీద 4-1తో గెలిచి, 2025 మేలో సొంత ఊళ్లోనే గగారిన్ కప్ ఎత్తారు. క్లబ్ చరిత్రలో మొట్టమొదటి గగారిన్ కప్ అది. ప్రమాదం జరిగి అప్పటికి దాదాపు 14 ఏళ్లు.

కప్పు వచ్చింది కాబట్టి అంతా సరిపోయింది అని నేను అనను. పోయినవాళ్లు పోయారు, ఏ కప్పూ వాళ్లని తీసుకురాదు. ఇప్పటికీ సెప్టెంబర్ 7న కేహెచ్ఎల్‌లో మ్యాచ్‌లు పెట్టరు.

కానీ మొదట్లో నేనడిగిన ప్రశ్నకి నాకు జవాబు దొరికింది. ఆ రోజు విమానంలో టీమ్ మొత్తం ఉంది గానీ, క్లబ్ మొత్తం లేదు. ఊళ్లో ఐస్ మీద స్కేటింగ్ నేర్చుకుంటున్న పిల్లలున్నారు, వాళ్లకి నేర్పేవాళ్లున్నారు, టికెట్ కొనుక్కుని వచ్చే జనం ఉన్నారు. ఎక్కడో ఒకరు అడ్డదారి తొక్కితే టీమ్ పోయింది. అడ్డదారి వద్దనుకుని, కింద నుంచి మొదలుపెట్టినవాళ్ల వల్ల తిరిగొచ్చింది.

రేపు మీ ముందు కూడా ఏదో ఒక ఫారమ్, ఏదో ఒక చెక్‌లిస్ట్ ఉంటుంది. చేయకుండా టిక్ పెట్టేముందు ఒక్క నిమిషం ఆగండి. అంతే. మీరెప్పుడైనా అలా టిక్ పెట్టి దొరికిపోయారా? కామెంట్లలో చెప్పండి, నేనైతే నాది చెప్పేశాను. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.