రికార్డుల షాపు వెబ్‌సైట్: రంగులు తర్వాత, ముందు ఇది చూడండి

డిచ్‌పల్లి నుంచి మాట్లాడుతున్న. ఈ ఎపిసోడ్‌లో ఒకటే ప్రశ్న. పాత గ్రామఫోన్ రికార్డులు అమ్మే ఒక చిన్న షాపు తన వెబ్‌సైట్‌ని మళ్ళీ కట్టుకోవాలంటే పని ఎక్కడ మొదలుపెట్టాలె?

"రికార్డులు ఇప్పుడెవరు కొంటరన్నా?" అని నవ్వకండి. అమెరికాలో 2022లో సీడీల కంటే వినైల్ రికార్డులే ఎక్కువ అమ్ముడుపోయినయ్. 1987 తర్వాత అట్లా జరగడం అదే మొదటిసారి. కానీ గిరాకీ పెరిగినంత మాత్రాన ప్రతి షాపూ బతుకుతదని లేదు. ముంబై కాలా ఘోడాలో 1940లలో మొదలైన రిథమ్ హౌస్ అంత పేరున్న షాపు. అది కూడా 2016లో మూతపడ్డది.

మన డిచ్‌పల్లి నుంచి హైదరాబాద్ నూట యాభై కిలోమీటర్ల పైనే. ఇక్కడ కూర్చుని రికార్డు కొనాలనుకునే స్టూడెంట్‌కి ఆ వెబ్‌సైటే షాపు. షాపుకు పోతే కౌంటర్ దగ్గర ఒకాయన ఉంటడు. మనం సగం పేరు చెప్తే మిగతా సగం ఆయనే అందుకుంటడు. సైట్ చెయ్యాల్సింది సరిగ్గా ఆ మనిషి పని.

మొదటిది, వెతకడం. 'శంకరాభరణం' తీసుకోండి, 1980 సినిమా. ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకరు 'ఎస్'తో మొదలుపెడతరు, ఇంకొకరు 'ఎస్ హెచ్'తో. కొందరు నేరుగా తెలుగులోనే టైప్ చేస్తరు. 'మాయాబజార్'ని ఒక్క పదంగా రాసేవాళ్ళున్నరు, విడదీసి రాసేవాళ్ళున్నరు. రికార్డు అల్మారాలోనే ఉన్నా సైట్ 'ఏమీ దొరకలేదు' అంటే, కొనేటోడు స్టాక్ లేదనుకుని పోతడు. అందుకే ప్రతి రికార్డుకూ నాలుగైదు స్పెల్లింగులు లోపల రాసిపెట్టాలె. దాంతోపాటు సంగీత దర్శకుడు, గాయకులు, సంవత్సరం, లేబుల్ మీది కేటలాగ్ నంబర్ కూడా. 2000లో మొదలైన డిస్కాగ్స్ సైట్ బలమంతా ఈ వివరాల్లోనే ఉంది. ఏ రికార్డు ఏ ముద్రణో వాటితోనే తెలుస్తది.

రెండోది, రికార్డు పరిస్థితి. ఇక్కడ కొత్తవాళ్ళు బాగా మోసపోతరు. పాత రికార్డులకు ప్రపంచమంతా వాడే గ్రేడింగ్‌లో 'గుడ్' అంటే మంచిది అని కాదు, బాగా అరిగిపోయింది అని! 'వెరీ గుడ్' అన్నదాంట్లో కూడా చిటపటలు వినిపిస్తయి. ఈ భాష తెలిసినోళ్ళకు సరే. తెలియని పిల్లగాడు 'గుడ్' చూసి డబ్బు కడతడు, ఇంటికొచ్చాక షాపును తిట్టుకుంటడు. గ్రేడ్ పక్కనే ఒక్క తెలుగు వాక్యం చాలు: "రెండో వైపు మొదటి పాటలో గీత ఉంది, శబ్దం వినిపిస్తది." ఏటవాలు వెలుతురులో తీసిన ఒక ఫొటో కూడా పెట్టండి, గీతలు దాగవు.

మూడోది, ఇది నా ప్లేయర్ మీద ఆడుతదా? ఎల్పీలు నిమిషానికి 33⅓ సార్లు తిరుగుతయి. చిన్న రికార్డులు ఎక్కువగా 45. లక్కతో చేసిన పాతవి 78. ఇప్పుడొచ్చే చాలా ప్లేయర్లలో 78 స్పీడే ఉండదు. దానికి సూది కూడా వేరే కావాలె. ఆ మాట కొనే బటన్‌కి పైనే కనపడాలె.

నాలుగోది అన్నిటికంటే కష్టం. బట్టల సైట్‌లో ఒకే రకం చొక్కాలు వంద ఉంటయి. పాత రికార్డు మాత్రం ఒక్కటే ఉంటది. నువ్వు ఫోన్‌లో డబ్బు కడుతున్న నిమిషంలోనే షాపులో ఇంకొకరు అదే రికార్డు చేతిలో పట్టుకోవచ్చు. అందుకే కౌంటర్‌కీ సైట్‌కీ స్టాక్ లెక్క ఒక్కటే ఉండాలె. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టడం మొదలుపెట్టినోడికి ఓ పది నిమిషాలు ఆ రికార్డు ఆపి పెట్టాలె. అమ్ముడైన పేజీని తీసెయ్యకుండా 'మళ్ళీ వస్తే చెప్పండి' అనే బటన్ పెట్టాలె.

ఐదోది, డబ్బు. డెన్మార్క్‌లోని బేమార్డ్ ఇన్‌స్టిట్యూట్ లెక్క ప్రకారం కార్ట్‌లో వేసినవాళ్ళలో సగటున 70 శాతం మంది కొనకుండానే వెళ్ళిపోతరు. చివర్లో వచ్చిపడే అదనపు ఖర్చులు దానికి ఒక పెద్ద కారణం. 503తో మొదలయ్యే మన పిన్‌కోడ్ కొట్టగానే, రికార్డు విరగకుండా గట్టి అట్టల మధ్య పెట్టి పంపే ఖర్చుతో సహా మొత్తం ఎంతో అక్కడే చెప్పాలె. అకౌంట్ తెరవమని బలవంతం వద్దు. ఫోన్ నంబర్, అడ్రస్, యూపీఐ, అంతే.

ఇవన్నీ పెట్టాక టెస్ట్ చెయ్యండి. ఐదుగురితో చూసినా పెద్ద లోపాలు చాలావరకు బయటపడతయని 2000లోనే జేకబ్ నీల్సన్ రాసిండు. సైట్ కట్టినోళ్ళు కాకుండా బయటోళ్ళను పిలవండి. సిగ్నల్ సరిగా లేని చోట మామూలు ఫోన్ ఇచ్చి, "ఒక రికార్డు కొను" అని చెప్పి మీరు నోరు మూసుకోండి. వాళ్ళ వేలు ఎక్కడ ఆగిందో అక్కడ రిపేర్ చెయ్యండి.

ఇక్కడ తెలంగాణ యూనివర్సిటీలో కంప్యూటర్స్ చదివేవాళ్ళకు ఒక మాట. ఇట్లాంటి పని దొరికితే కోడ్ కంటే ముందు షాపాయన పక్కన రెండ్రోజులు కూర్చోండి. వచ్చినోళ్ళు ఏం అడుగుతున్నరు, ఆయన ఏం చెప్తున్నడు, అన్నీ నోట్ చేసుకోండి. ఆయన తలలో ఉన్నది ఎక్కడా రాసి లేదు. షాపు మూతపడితే రికార్డులను ఇంకెవరైనా కొనుక్కుంటరు, ఆ తెలివి మాత్రం ఆయనతోనే పోతది. దాన్ని సైట్‌లోకి ఎక్కించడమే అసలు రీడిజైన్.

మళ్ళీ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంట మరి.