డిగ్రీ చేతికొచ్చాక దారి చూపేదెవరు?

(కట్టంగూర్‌లో మహిళా కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



గృహహింస, భూమి హక్కు, కూలి రేట్లు మాట్లాడుకునే వేదిక మీద కాలేజీ పిల్లల ఉద్యోగాల సంగతి ఎందుకు ఎత్తుతున్నానని మీలో కొందరికి అనిపించవచ్చు. ఉద్యోగం వెతుక్కోవడం ఎవరికి వారు చూసుకోవలసిన సొంత వ్యవహారమనీ, అందులో హక్కుల ప్రశ్న ఏముందనీ అనుకోవడం మనందరికీ అలవాటయింది. ఆ అలవాటును ప్రశ్నించడానికే ఈ అంశం ఎంచుకున్నాను.

ఒక తరం కింద మన మండలాల్లో ఆడపిల్ల పదో తరగతి దాటితే విశేషం. ఇవాళ పొద్దున హైదరాబాద్-విజయవాడ రోడ్డు మీద నిలబడి చూడండి. పుస్తకాల సంచులతో బస్సుల కోసం ఎదురుచూసే ఆడపిల్లలు ఎంతమందో కనిపిస్తారు. ఇది తనంతట తాను రాలేదు. 2007లో నల్లగొండలో మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం, 2008లో మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం వచ్చాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. 2016 నుంచి సాంఘిక సంక్షేమ గురుకులాల్లో ఆడపిల్లలకు డిగ్రీ కాలేజీలు మొదలయ్యాయి. 2023 డిసెంబరు 9 నుంచి రాష్ట్రంలో ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం అమలయింది. వీటిలో చాలా వాటి వెనుక విద్యార్థులు, దళిత, మహిళా సంఘాలు ఏళ్ళ తరబడి చేసిన డిమాండ్లున్నాయి.

కాలేజీ లోపలికి పోయే దారి ఇట్లా కొంత తెరుచుకుంది. కాలేజీ నుంచి బయటి ప్రపంచంలోకి వచ్చే దారి మాత్రం ఎవరూ వేయలేదు. డిగ్రీ చివరి పరీక్ష రాసిన అమ్మాయి ముందు సాధారణంగా రెండే ఉంటాయి. ఒకటి పెళ్ళి సంబంధం. రెండోది ఎప్పుడు వస్తుందో తెలియని సర్కారు నోటిఫికేషన్.

2011 జనాభా లెక్కల్లో నల్లగొండ జిల్లా అక్షరాస్యత 64 శాతం, మహబూబ్‌నగర్ జిల్లాది 55 శాతం. స్త్రీలలో ఇంకా తక్కువ. అంటే ఇవాళ కాలేజీకి పోతున్న అమ్మాయిల్లో చాలామందికి బడి ముఖం చూడని తల్లులున్నారు. అమ్మ తన రెక్కల కష్టంతో చదివించగలదు. కానీ బీకాం తర్వాత ఏం చదవాలో, ఇంటర్న్‌షిప్ అంటే ఏమిటో, దరఖాస్తు ఎట్లా రాయాలో ఆమె చెప్పలేదు. అది ఆమె తప్పు కాదు. పట్నంలో ఉద్యోగస్తుల ఇంట్లో పుట్టిన పిల్లకు ఈ సంగతులన్నీ అన్నం తినేటప్పుడే చెవిన పడతాయి. బాబాయి బ్యాంకులో ఉంటాడు, అత్త యూనివర్సిటీలో ఉంటుంది. మన భాషలో ‘తెలిసినవాళ్ళు’ అంటామే, ఆ తెలిసినవాళ్ళే అసలు ఆస్తి. భూమిలాగే ఆ ఆస్తి కూడా కొన్ని కులాల దగ్గర, కొన్ని కుటుంబాల దగ్గర పోగుపడి ఉంది. ఆ ఆస్తి లేని పిల్లకు కాలేజీయే తెలిసినవాళ్ళు కావాలి. సలహా ఇవ్వడం, పని నేర్చుకునే చోటు చూపించడం, ఉద్యోగ సమాచారం అందించడం విద్యాహక్కులో భాగమని నేననేది అందుకే.

ఇది కొత్త మాట కాదు. విద్యార్థికి మార్గదర్శనం చదువులో విడదీయరాని భాగమని కొఠారీ కమిషన్ 1966లోనే చెప్పింది. అంతకుముందే దుర్గాబాయి దేశ్‌ముఖ్ నాయకత్వంలోని కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు 1958లో బడి మానేసిన స్త్రీల కోసం సంక్షిప్త కోర్సులు పెట్టింది. పరీక్షకు కూర్చోబెట్టి అక్కడితో వదిలేయాలన్నది ఆమె ఆలోచన కాదు. నర్సులుగా, టీచర్లుగా, గ్రామసేవికలుగా పనిచేసే స్త్రీలు తయారు కావాలన్నది దాని వెనుక ఉన్న లక్ష్యం. చదువునూ జీవనోపాధినీ కలిపి చూసిన ఆ దృష్టి తర్వాత మన కాలేజీలకు చేరలేదు.

ఇప్పుడు జరుగుతున్నది చూద్దాం. 2016 నుంచి డిగ్రీ ప్రవేశాలు ‘దోస్త్’ ద్వారా ఆన్‌లైన్‌లో సాగుతున్నాయి. ఏ కాలేజీ, ఏ గ్రూపు అన్నది ముందే వరుసగా నింపాలి. ఇంట్లో కంప్యూటర్ లేని అమ్మాయి ఇంటర్‌నెట్ సెంటర్‌కు పోతుంది. వెనుక పదిమంది క్యూలో ఉంటారు. ఆ పది నిమిషాల్లో, పక్కనున్నవాళ్ళు చెప్పిన మాట మీద మూడేళ్ళ చదువు నిర్ణయమైపోతుంది. ఇంటర్‌లో గ్రూపు ఎంచుకునేటప్పుడు, డిగ్రీలో చేరేటప్పుడు, ఇంటర్న్‌షిప్ వెతుక్కునేటప్పుడు, డిగ్రీ పూర్తయినప్పుడు – ఈ నాలుగు మలుపుల్లోనూ ఆమె పక్కన తెలిసిన మనిషి ఉండాలి. ఏ మలుపులోనూ లేకపోతే ఆమె నిర్ణయాలు తండ్రో, అన్నో, అదృష్టమో చేస్తుంది.

ఇక ఇంటర్న్‌షిప్. చదువుకుంటూనే ఒక ఆఫీసులోనో సంస్థలోనో కొన్ని వారాలు పనిచేసి నేర్చుకోవడం ఇది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో డిగ్రీ విద్యార్థులకు పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసింది. 2024లో యూజీసీ కూడా డిగ్రీలో ఇంటర్న్‌షిప్ గురించి మార్గదర్శకాలు ఇచ్చింది. మంచిదే. అయితే దీని ఖర్చు ఎవరు భరించాలి? కట్టంగూర్ పిల్ల హైదరాబాద్‌లో రెండు నెలలు ఉండాలంటే హాస్టల్ అద్దె, తిండి, దారి ఖర్చులు కావాలి. చేసిన పనికి జీతం ఉండదు. పత్తి తీసే కాలంలో ఇంట్లో ఆమె కూలి కూడా పోతుంది. పైగా ‘ఒక్కదాన్నే పట్నం ఎట్లా పంపుతాం’ అనే ప్రశ్న మగపిల్లవాడికి ఎదురు కాదు. డబ్బున్న ఇంటి పిల్లలే చేయగలిగిన దాన్ని అందరికీ తప్పనిసరి చేస్తే అది అవకాశం కాదు, ఇంకో వడపోత అవుతుంది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. అప్రెంటిస్‌గా ఒప్పందం మీద చేరితే 1961 అప్రెంటిస్ చట్టం కింద స్టయిపెండ్ హక్కుగా వస్తుంది. 2014 సవరణతో ఇంజనీరింగ్ కాని డిగ్రీలవారికీ ఇది విస్తరించింది. డిగ్రీ చదివినవారికి నెలకు 9,000 రూపాయలకు తగ్గకూడదని 2019 నియమాలు చెప్పాయి. ఉత్త ఇంటర్న్‌షిప్‌కు అట్లాంటి హామీ లేదు. 2024 అక్టోబరులో ప్రయోగాత్మకంగా మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకంలో నెలకు 5,000 పెట్టారు. కానీ అప్పటి నిబంధనల ప్రకారం రోజూ కాలేజీకి పోయే విద్యార్థులకు అది వర్తించదు. చదువుతూ పని నేర్చుకోవలసిన పిల్ల బయటనే ఉండిపోయింది.

మరో లెక్క చూడండి. పేదింటి ఆడపిల్ల పెళ్ళికి మన రాష్ట్రంలో 2014లో కల్యాణలక్ష్మి కింద 51,000 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టారు. 2018 నాటికి అది 1,00,116 అయింది. పెళ్ళి అప్పుల్లో మునిగే తల్లిదండ్రులకు ఆ సాయం వద్దని నేననను. కానీ అదే పిల్ల డిగ్రీ ముగించి పని నేర్చుకోవడానికి పట్నం పోతానంటే ఆ మొత్తంలో పదో వంతయినా ఆమె చేతికి హక్కుగా వచ్చే ఏర్పాటు లేదు. ఆడపిల్ల భవిష్యత్తు అంటే మన ప్రభుత్వాలకు ఏం గుర్తొస్తుందో ఈ లెక్కలోనే తెలుస్తుంది.

భద్రత మాటకు వద్దాం. ‘భద్రత లేదు కాబట్టి పంపం’ అనేది ఇంట్లో వినిపించే మొదటి మాట. దానికి జవాబు పంపకపోవడం కాదు, భద్రతను అడిగి తీసుకోవడం. రాజస్థాన్‌లో బాల్యవివాహాన్ని ఆపబోయి అత్యాచారానికి గురైన భంవరీదేవి మీలాంటి గ్రామస్థాయి కార్యకర్త. ఆ ఘటన తర్వాత మహిళా సంఘాలు వేసిన కేసులోనే 1997లో విశాఖ తీర్పు వచ్చింది. దాని మీద 2013 చట్టం వచ్చింది. ఆ చట్టంలో ‘ఉద్యోగి’ అంటే జీతం తీసుకునేవారు మాత్రమే కాదు. జీతం ఉన్నా లేకున్నా ట్రైనీ, అప్రెంటిస్ అందరూ వస్తారు. పదిమంది కంటే తక్కువ పనిచేసే చోటయితే, లేదా యజమాని మీదే ఫిర్యాదయితే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఇవ్వవచ్చు. గడువు 3 నెలలు. తగిన కారణం ఉంటే మరో 3 నెలలు పొడిగిస్తారు. విచారణ 90 రోజుల్లో ముగియాలి.

విద్యార్థినులకు ఇంకో రక్షణ ఉంది. యూజీసీ 2015 నిబంధనల్లో ‘క్యాంపస్’ అంటే కాలేజీ ప్రహరీ గోడ లోపల మాత్రమే కాదు. విద్యార్థిగా వెళ్ళే ఇంటర్న్‌షిప్, ఫీల్డ్ ట్రిప్ చోట్లు కూడా అందులోకి వస్తాయి. ‘అది మా కాలేజీలో జరగలేదు’ అని యాజమాన్యం చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. విద్యార్థుల విషయం విచారించేటప్పుడు కమిటీలో ఎన్నికైన విద్యార్థి ప్రతినిధులు కూడా ఉండాలి. అదేవిధంగా ఫీజు బకాయి పేరుతో ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపే కాలేజీలున్నాయి. సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోరాదని యూజీసీ 2018లోనే ఆదేశించింది. సర్టిఫికెట్ చేతిలో లేక ఉద్యోగం పోగొట్టుకునే పిల్లకు ఈ ఒక్క ముక్క తెలిస్తే ఎంత మేలో ఆలోచించండి.

ఉద్యోగాలే లేనప్పుడు సలహాలు ఏం చేసుకోవాలని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. సలహా కేంద్రం ఉద్యోగాలను పుట్టించదు. ఉన్న కొద్ది అవకాశాలు ఎప్పుడూ ఒకే రకం ఇళ్ళకు పోకుండా అది అడ్డుకోగలదు. ఇందులో ఒక ప్రమాదం కూడా ఉంది. ‘నీకు నైపుణ్యం లేదు, నీకు ఇంగ్లీషు రాదు’ అని నిరుద్యోగ నేరాన్ని ఆడపిల్ల మీదకే తోసే శిక్షణలు చాలా చూస్తున్నాం. మనం అడిగే సలహా అటువంటిది కాదు. ఆమెకు ఏం రాదో చెప్పేది కాదు, ఆమెకు ఏం రావాలో చెప్పేది.

మనం ఇక్కడ చేయగలిగిన పనులు కొన్ని చెప్తాను.

మొదటిది, ఇంటర్ ఫలితాలు రాగానే, ‘దోస్త్’ గడువుకు ముందు, మండల కేంద్రంలో రెండు రోజులు సలహా శిబిరం పెట్టుకోవాలి. చదువు పూర్తిచేసి పనిలో ఉన్న మన ఊళ్ళ ఆడపిల్లలనే పిలవాలి. తల్లులు కూడా రావాలి. పిల్లను పంపేదీ ఆపేదీ ఇంట్లోనే కదా.

రెండోది, పని నేర్చుకోవాలంటే హైదరాబాదే పోనవసరం లేదు. మహిళా సంఘాలు నడిపే వడ్ల కొనుగోలు కేంద్రాల్లో బీకాం పిల్లలు లెక్కలు నేర్చుకోవచ్చు. మండల సమాఖ్యలో, సహకార సంఘంలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో చోటు అడగవచ్చు. నల్లగొండ చుట్టూ నిమ్మ, బత్తాయి వ్యాపారం ఉంది. పుట్టపాక, పోచంపల్లిలో చేనేత ఉంది. కాలేజీ ఒక ఉత్తరం రాసి, స్టయిపెండ్ మాట్లాడి, ఇద్దరేసి పిల్లలను పంపితే చాలు. అయితే ఊళ్ళోనే చోటుందని చెప్పి పట్నం పోగలిగిన పిల్లను ఆపకూడదు.

మూడోది, పిల్లలను పంపే ప్రతి చోటుకూ ముందే ఒకరు వెళ్ళి చూసి రావాలి. పని గంటలు, బస్సు వేళలు, మరుగుదొడ్డి, ఫిర్యాదు ఎవరికివ్వాలి – ఈ నాలుగూ ఒక పుస్తకంలో రాసి కాలేజీలో ఉంచాలి. వెళ్ళి వచ్చిన పిల్ల అందులోనే తన అనుభవం రాయాలి.

నాలుగోది ప్రభుత్వాన్ని అడగవలసింది. ప్రతి ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఈ పనికి పూర్తికాలపు మనిషి ఉండాలి. పాఠాలు చెప్పే మేడమ్‌కే అదనంగా తగిలించడం కాదు. తప్పనిసరి ఇంటర్న్‌షిప్‌కు స్టయిపెండ్ ఇవ్వాలి, జిల్లా కేంద్రాల్లోనూ హైదరాబాద్‌లోనూ హాస్టల్ వసతి కల్పించాలి.

ఇవాళ ఇక్కడి నుంచి పోయాక ఒక్క పని చేయండి. మీ ఊళ్ళో గత మూడేళ్ళలో డిగ్రీ పూర్తిచేసిన ఆడపిల్లలు ఎంతమందో, వాళ్ళు ఇప్పుడు ఏం చేస్తున్నారో ఇల్లిల్లూ తిరిగి రాసుకురండి. పెళ్ళయినవాళ్ళనూ వదలకండి. వాళ్ళూ చదివినవాళ్ళే. వచ్చే సమావేశంలో ఆ కాగితాలు ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం. కలెక్టర్ దగ్గరికైనా, యూనివర్సిటీకైనా ఆ కాగితాలతోనే పోదాం.